దర్శనం తరువాతి జీవితం: సూరి నాగమ్మ లేఖల్లో దుఃఖోపశమనం, సమన్వయం

వ్యాససంగ్రహం

ఆధ్యాత్మిక దర్శనం కలిగిన వ్యక్తి ఆ తరువాత తన జీవితాన్ని ఎలా కుదుర్చుకుంటారన్న ప్రశ్నను తెలుగు సాహిత్య చరిత్ర అంతగా పట్టించుకోలేదు. గుంటూరు జిల్లా కొలనుకొండలో 1902లో పుట్టిన బాలవితంతువు సూరి నాగమ్మ యౌవనారంభంలో ఒక స్వప్నదర్శనం పొందారు. దానికి అర్థం దొరికింది 1941లో, రమణాశ్రమంలో. దానికి రచనారూపం దొరికింది 1945లో, అన్నగారికి రాసిన లేఖల్లో. ఈ సుదీర్ఘ వ్యవధిని ఆధారం చేసుకొని, దర్శనం దానికదే దుఃఖాన్ని తీర్చలేదనీ, వినేవారు, నిత్యకృత్యం, రచనాప్రక్రియ కలిసినప్పుడే ఉపశమనం సాధ్యమైందనీ నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: సూరి నాగమ్మ, శ్రీ రమణాశ్రమ లేఖలు, బాలవైధవ్యం, స్వప్నదర్శనం, లేఖాసాహిత్యం, సమన్వయం.

1. ఉపోద్ఘాతం

మన భక్తి వాఙ్మయంలో దర్శనం చాలావరకు కథకు పరాకాష్ఠ. భక్తుడు తపిస్తాడు, దైవం ప్రత్యక్షమవుతుంది, వరం లభిస్తుంది, ఫలశ్రుతితో కథ పూర్తవుతుంది. దర్శనం కలిగిన మరునాటి నుంచి ఆ భక్తుడు ఇంటివారితో ఎలా మెలిగాడు, పాత దుఃఖం ఏమైంది, ఆ అనుభవాన్ని ఎవరికి చెప్పుకున్నాడు అనే విషయాలు కథ పరిధిలోకి రావు. ఆధునిక కాలంలో వచ్చిన స్వీయచరిత్రలు, లేఖలు, దినచర్యలు మాత్రం ఈ ఖాళీని కొంత పూరిస్తాయి.

పాశ్చాత్య మనోవిజ్ఞానం ఈ దశను ప్రత్యేకంగా అధ్యయనం చేసింది. విలియం జేమ్స్ 1902లో ప్రచురించిన మతానుభవ వైవిధ్యాల గ్రంథంలో చీలిపోయిన స్వత్వం తిరిగి ఏకీకృతం కావడాన్ని ఒక ప్రత్యేక ప్రసంగంలో చర్చించాడు. ఆధ్యాత్మికానుభవం కలతకు కారణమైనప్పుడు తోడ్పడటానికి క్రిస్టినా గ్రోఫ్ 1980లో ఒక సహాయక వ్యవస్థను నెలకొల్పారు. మానని మానసిక గాయాన్ని ఆధ్యాత్మిక భాషతో కప్పిపుచ్చుకొనే ధోరణికి జాన్ వెల్‌వుడ్ 1984లో ఒక పేరు పెట్టాడు. తెలుగులో దాన్ని 'ఆధ్యాత్మిక దాటవేత' అనవచ్చు. అమెరికా మనోవైద్య సంఘం 1994లో వెలువరించిన నిర్ధారణ గ్రంథం నాలుగవ కూర్పులో 'మతపరమైన లేదా ఆధ్యాత్మిక సమస్య' అన్న విభాగం చేరింది. అది వ్యాధిగా కాక, వైద్యుడు శ్రద్ధ పెట్టవలసిన స్థితిగా అందులో స్థానం పొందింది.

ఈ పరిభాషను తెలుగు రచనలపై యథాతథంగా మోపడం సరికాదు. అయితే అది లేవనెత్తే ప్రశ్న ఉపయోగపడుతుంది. ఒక అనుభవం కలగడం వేరు, అది జీవితంలో ఇమడటం వేరు. ఆ రెండింటి మధ్య ఏం జరుగుతుంది? సూరి నాగమ్మ రచనలు ఈ పరిశీలనకు అనువైనవి. 'శ్రీ రమణాశ్రమ లేఖలు' ఇంతవరకు ప్రధానంగా రమణ మహర్షి జీవితానికి ఆధారగ్రంథంగానే పఠనంలో ఉన్నాయి. రాసిన స్త్రీ జీవితానికి కూడా అవి ఆధారాలే అన్న దృష్టితో ఇక్కడ పరిశీలన సాగుతుంది.

2. సామాజిక నేపథ్యం

నాగమ్మకు పసితనంలో తండ్రి, పదేళ్ల వయసులో తల్లి దూరమయ్యారు. ఆనాటి ఆచారం ప్రకారం బాల్యంలోనే వివాహం జరిగింది, కొద్దికాలానికే భర్త మరణించాడు. కాపురమంటే ఏమిటో తెలియక ముందే ఆమె వితంతువుగా మిగిలారు.

ఇది జరిగిన కాలాన్ని గుర్తుంచుకోవాలి. రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. నాగమ్మ వైధవ్యం నాటికి ఆ సంఘటన జరిగి మూడు దశాబ్దాలు దాటింది. ఉద్యమం సాహిత్యంలో, పత్రికల్లో, సభల్లో విజయం సాధించినా పల్లెటూరి అగ్రవర్ణ కుటుంబాల లోగిళ్లలోకి పూర్తిగా చేరలేదు. ఉన్నవ లక్ష్మీనారాయణ దంపతుల శారదానికేతనం గుంటూరులో ఏర్పడింది 1922లో. బాల్యవివాహ నిరోధానికి శారదా చట్టం వచ్చింది 1929లో, అమలులోకి వచ్చింది 1930 ఏప్రిల్‌లో. ఈ రెండూ నాగమ్మ బాల్యం గడిచిపోయాక వచ్చినవే. సంస్కరణకు, చట్టానికి మధ్య ఉన్న ఈ ఎడంలో ఒక తరం బాలికలు మిగిలిపోయారు. నాగమ్మ ఆ తరానికి చెందినవారు.

అలాంటి స్త్రీకి ఆనాటి సమాజం చూపిన దారి భక్తి. తరిగొండ వెంగమాంబ ఉదాహరణ తెలుగునాట అందరికీ తెలిసినదే. బాల్యంలోనే భర్తను కోల్పోయి, తిరుమల చేరి, విస్తారమైన వాఙ్మయాన్ని సృష్టించిన ఆమె వితంతు స్త్రీకి ఒక గౌరవప్రదమైన నమూనా. కానీ ఈ దారిలో ఒక చిక్కు ఉంది. ఇతర ద్వారాలన్నీ మూసి, ఒక్క భక్తి ద్వారాన్ని మాత్రమే తెరిచి ఉంచిన సమాజం, ఆ స్త్రీ అటు వెళ్లినప్పుడు దాన్ని ఆమె స్వేచ్ఛా నిర్ణయంగా కీర్తిస్తుంది. నాగమ్మ అనుభవాన్ని అంచనా వేసేటప్పుడు ఈ చిక్కును మరువరాదు.

3. స్వప్నదర్శనం, దాని అనంతర కాలం

నాగమ్మ తన ఆశ్రమ జీవితాన్ని గురించి తరువాతి కాలంలో రాసిన ఆత్మకథాత్మక రచనలో యౌవనారంభంలో వచ్చిన ఒక కలను పేర్కొన్నారు. దక్షిణామూర్తిని తలపించే ఒక సిద్ధపురుషుడు పద్మాసనంలో ఆమెకు కనిపించాడు. ఆ మూర్తి ఆమె మనసులో నిలిచిపోయింది.

సాధారణ భక్తకథ అయితే ఇక్కడి నుంచి సంతోషం మొదలు కావాలి. నాగమ్మ విషయంలో అలా జరగలేదు. చూసిన మూర్తి ఎవరో తెలియదు. అడగడానికి తల్లి లేదు, గురువు లేడు. ఇంట్లోనే చదువు నేర్చుకొని, పోతన భాగవతం వంటి గ్రంథాలు చదువుకుంటూ, పద్యాలు అల్లుకుంటూ ఆమె ఏళ్లు గడిపారు. వైధవ్యం తెచ్చిన దిగులుకు ఇప్పుడు ఇంకొక వెలితి తోడైంది. కనిపించినది మళ్లీ కనిపించదేమన్న ఆరాటం అది. దర్శనం ఆమె దుఃఖాన్ని తుడిచివేయలేదు. దుఃఖానికి ఒక దిశను మాత్రం ఇచ్చింది.

ఈ దశ ప్రాధాన్యం దాని నిడివిలో ఉంది. 1941లో ఆమె మొదటిసారి తిరువణ్ణామలై చేరే నాటికి రెండు దశాబ్దాలకు పైగా గడిచాయి. ఆధ్యాత్మిక జాగృతిని ఒక్క క్షణపు సంఘటనగా భావించే వారికి ఇది వ్యర్థకాలంగా తోచవచ్చు. నాగమ్మ చదువు, పద్యరచన, ఏకాంతంలో నిలదొక్కుకోగల శక్తి ఈ కాలంలోనే రూపొందాయి. తరువాతి లేఖలకు అవసరమైన పరికరాలన్నీ ఈ ఏళ్లలో సమకూరినవే.

4. రమణుల నమూనా: మౌనం నుంచి వంటశాల వరకు

నాగమ్మ చేరిన చోటును కూడా చారిత్రకంగా చూడాలి. రమణ మహర్షి జీవితంలో సైతం జాగృతి అనంతరం ఒక దీర్ఘమైన దశ ఉంది. 1896 జూలైలో మదురైలో, పదహారేళ్ల వయసులో, ఆకస్మికంగా కలిగిన మరణానుభవం ఆయన జీవితాన్ని మార్చివేసింది. ఆ ఏడాది సెప్టెంబరు 1న తిరువణ్ణామలై చేరిన తరువాత పాతాళలింగం వంటి చోట్ల దేహస్పృహ లేకుండా గడిపిన రోజులు ప్రసిద్ధం. 1898లో తల్లి వచ్చి ఇంటికి రమ్మని విలపించినప్పుడు ఆయన నోరు విప్పలేదు. సమాధానాన్ని కాగితంపై రాసి చూపారు. 1899 తరువాత విరూపాక్ష గుహలో ఉన్న కాలంలో గంభీరం శేషయ్య, శివప్రకాశం పిళ్లై వంటివారి ప్రశ్నలకు రాతమూలకంగా జవాబులిచ్చారు. 1907లో కావ్యకంఠ గణపతి ముని ఆయనను రమణ మహర్షిగా లోకానికి పరిచయం చేశారు. 1912లో తాబేటిరాతి వద్ద మరొకసారి మరణసదృశమైన అనుభవం కలిగింది. అటుపై ఆయన లోకవ్యవహారంలో మరింత సహజంగా మెలిగారని జీవితచరిత్రకారులు గుర్తించారు.

తన అనుభవంలో హెచ్చుతగ్గులు లేవన్నదే మహర్షి మాట. బాహ్యజీవితం మాత్రం క్రమంగా కుదుటపడిందని పై సంఘటనలు చూపుతాయి. ఇంటికి రానని 1898లో తిరస్కరించిన కుమారుడే 1916 తరువాత తల్లిని తనతో ఉంచుకున్నాడు, 1922లో ఆమె మరణసమయంలో పక్కనే ఉన్నాడు. అప్పడాలు ఒత్తడాన్నే ఆత్మవిచారణకు ఉపమానంగా చేసి తల్లి కోసం పాట కట్టాడు. తరువాతి ఆశ్రమంలో ఏళ్ల తరబడి తెల్లవారకముందే లేచి కూరగాయలు తరిగాడు. జాగృతి దైనందిన కృత్యాల్లోకి ఇంకిన తీరు ఇది.

ఈ వాతావరణంలో దుఃఖితులకు ప్రత్యేక చికిత్స అంటూ ఏదీ ఉండేది కాదు. ఉండటానికి చోటు, చేయడానికి పని, చూడటానికి ఒక మనిషి ఉండేవారు. నాగమ్మ కంటే చాలా ముందు వచ్చిన ఎచ్చమ్మ కథ దీనికి నిదర్శనం. భర్తను, బిడ్డలను పోగొట్టుకొని కొండ ఎక్కిన ఆమె, విరూపాక్ష గుహలో మాటలేవీ లేని సన్నిధిలో దుఃఖం తేలికపడటం గమనించింది. అంతటితో ఆగలేదు. ఆనాటి నుంచి దశాబ్దాల పాటు ప్రతిరోజూ అన్నం వండి తెచ్చి పెట్టింది. ఒక్క గంటలో కలిగిన ఊరటను జీవితాంతం నిలిపింది ఆ రోజువారీ అన్నపు గిన్నె. ఎచ్చమ్మ 1945 డిసెంబరులో కన్నుమూసింది. అప్పటికి నాగమ్మ లేఖారచన ఆరంభమై నెల దాటింది. ఎచ్చమ్మకు అన్నం ఎలాంటిదో నాగమ్మకు లేఖ అలాంటిది.

5. లేఖ అనే ఉపాయం

1941లో ఆశ్రమం చేరిన నాగమ్మ తాను కలలో చూసిన మూర్తిని మహర్షిలో గుర్తించారు. మొదట్లో ఆమె ఆయనతో మాట్లాడలేదు. శరణాగతిని గురించి రాసుకున్న పద్యాలను సమర్పించారు. మాట రాని చోట పద్యం ఆమెకు మాటయింది. రాత్రివేళ స్త్రీలు ఆశ్రమంలో ఉండరాదన్న నియమం వల్ల ఆమె సమీపంలోనే వేరుగా నివసించి, పగటివేళ సన్నిధికి వచ్చేవారు. ఒంటరి వితంతు స్త్రీ తన వారికి దూరంగా, భాష వేరైన ఊళ్లో ఇల్లు తీసుకొని ఉండటం ఆ రోజుల్లో చిన్న సాహసం కాదు.

1945 నవంబరులో ఆశ్రమ విశేషాలు తెలుపుతూ ఆమె బ్యాంకు ఉద్యోగి అయిన అన్న డి.ఎస్. శాస్త్రికి లేఖలు రాయడం మొదలుపెట్టారు. 1950 వరకు సాగిన ఈ లేఖలు తరువాత సంపుటాలుగా వచ్చాయి. శాస్త్రిగారే వాటిని ఆంగ్లంలోకి అనువదించారు.

తెలుగులో స్త్రీల లేఖాప్రక్రియకు అప్పటికే ఒక ప్రతిష్ఠ ఉంది. 'గృహలక్ష్మి' పత్రికలో కనుపర్తి వరలక్ష్మమ్మ రాసిన 'శారద లేఖలు' ఒక స్నేహితురాలికి రాస్తున్నట్టుగా సాగి, స్త్రీవిద్య, సంస్కరణ, జాతీయోద్యమం వంటి అంశాలను ఇంటి భాషలో చర్చించాయి. అక్కడ లేఖ సామాజిక చర్చకు ఎంచుకున్న రూపం. నాగమ్మ లేఖలకు నిజమైన చిరునామా ఉంది. వాటికి జవాబు రావచ్చు, ప్రశ్న రావచ్చు. ఈ తేడా మన చర్చకు కీలకం.

నాగమ్మ విషయంలో లేఖ మూడు పనులు చేసిందని చెప్పవచ్చు. మొదటిది, వినేవారిని సమకూర్చడం. యౌవనంలోని కల చెప్పుకొనే దిక్కులేక లోపల మిగిలిపోయింది. ఇప్పుడు చూసినదాన్ని చూసినట్టే చెప్పగల తోబుట్టువు ఉన్నాడు. తల్లిదండ్రులు లేని ఇంట్లో అన్నకు చెల్లెలు రాసే లేఖ కుటుంబబంధాన్ని తెంచకుండానే ఆధ్యాత్మిక జీవితం గడపవచ్చని నిరూపించింది. సన్న్యాసమా, సంసారమా అన్న పాత ద్వైధీభావం ఇక్కడ తలెత్తలేదు.

రెండవది, తేదీ. కలకు తేదీ అవసరం లేదు, లేఖకు ఉంటుంది. ప్రతి లేఖ ఒక రోజుకు, ఒక సంఘటనకు కట్టుబడి ఉంటుంది. ఉడుతలు, కోతులు, నెమళ్లు, వడ్డనలో తనకు ఎక్కువ వేస్తే ఒప్పుకోని మహర్షి సమత్వం, పాత కాగితాలను పారవేయని ఆయన పొదుపు, సందర్శకుల ప్రశ్నలు లేఖల నిండా కనిపిస్తాయి. పవిత్రతను చిన్న విషయాల్లో గుర్తించే ఈ చూపు అలవాటయ్యే కొద్దీ, ఒక్క మహాక్షణం కోసం ఎదురుచూసే ఆరాటం తగ్గుతుంది.

మూడవది, స్వీయదుఃఖం నుంచి చూపును మళ్లించడం. లేఖల్లో నాగమ్మ తన వైధవ్యాన్ని గురించి చెప్పుకొనే సందర్భాలు అరుదు. ఆమె ప్రధానంగా చూసేవారు, వినేవారు, చేరవేసేవారు. వితంతువును శుభకార్యాల్లో ఎదురుపడరాదన్న సమాజంలో, ఎదురుగా కూర్చొని చూడటమే ఆమె వృత్తిగా మారింది. ఆమె చూపుకు ప్రామాణ్యం కలిగింది.

ఈ పరిణామానికి శిఖరం 1947లో వచ్చింది. నాగమ్మ కోరికపై మహర్షి 'ఏకాత్మ పంచకం' రచించారు. తమిళ వెణ్బా ఛందస్సులో తెలుగు పదాలు కూర్చి మొదట తెలుగులో రాసి, ఆపై తమిళంలోకి తెచ్చారు. ఆయన చివరి రచనల్లో ఇది ఒకటి. తనను మరచి దేహమే తానని భ్రమించిన జీవుడు తిరిగి తనను తెలుసుకోవడాన్ని, కలలో లోకమంతా తిరిగి మేలుకోవడంతో ఈ కృతి పోలుస్తుంది. కలతో మొదలై, ఆ కలకు అర్థం వెతుకుతూ సాగిన జీవితానికి ఈ ఉపమానం ఎంత దగ్గరో చెప్పనక్కరలేదు. ఇంట్లో తనంతట అక్షరాలు నేర్చుకున్న ఒక బాలవితంతువు అడిగినందువల్ల తెలుగుకు ఈ కృతి దక్కింది.

6. పరీక్ష, పరిమితి

ఇదంతా గాయాన్ని దాటవేయడం కాదని ఎలా చెప్పగలం? ఉపశమనం నిజమైనదా కాదా అన్నది కొత్త దుఃఖం వచ్చినప్పుడు తేలుతుంది. 1948 జూన్ 18న ఆశ్రమపు ఆవు లక్ష్మి మరణించింది. లేఖల్లో ఆ మరణవర్ణన ఇంటి మనిషి మరణవర్ణనలా ఉంటుంది. 1949లో మహర్షి ఎడమచేతికి వచ్చిన వ్రణానికి నాలుగుసార్లు శస్త్రచికిత్స జరిగింది. 1950 ఏప్రిల్ 14 రాత్రి ఆయన దేహం చాలించారు. తల్లిదండ్రులను, భర్తను బాల్యంలోనే పోగొట్టుకున్న స్త్రీకి ఇది మరొక అనాథస్థితి. తత్త్వం చెప్పి కన్నీటిని దాచే ప్రయత్నం నాగమ్మ చేయలేదు. బాధను బాధగా నమోదు చేశారు. అదే సమయంలో ఆమె బాల్యంలోలా మూగబోలేదు. లేఖలు ముగిశాక స్మృతులు రాశారు, స్వీయగాథ రాశారు. దుఃఖం మళ్లీ వచ్చింది కానీ ఈసారి దానికి భాష ఉంది. దాటవేతకు, సమన్వయానికి ఉన్న భేదం ఇక్కడ స్పష్టపడుతుంది.

అయితే ఒక పరిమితిని చెప్పక తప్పదు. నాగమ్మ పొందిన శాంతి ఆమెను వితంతువుగా మిగిల్చిన ఆచారాన్ని ప్రశ్నించదు. ఈ సందర్భంలో గుడిపాటి వెంకటచలంతో పోలిక ఉపయోగపడుతుంది. 'మైదానం' (1927), 'స్త్రీ' (1930) వంటి రచనలతో ఆచారాలపై తిరుగుబాటు చేసిన చలం 1950లో కుటుంబంతో అరుణాచలం చేరి, 1979లో మరణించేవరకు అక్కడే ఉన్నారు. 'భగవాన్ స్మృతులు' ద్వారా ఇతర భక్తుల అనుభవాలను గ్రంథస్థం చేశారు. ఆచారానికి ఎదురు తిరిగిన రచయిత, ఆచారానికి బలి అయిన స్త్రీ వేర్వేరు దారుల్లో ఒకే కొండ కిందికి వచ్చారు. ఇద్దరూ అక్కడ సాక్షులయ్యారు. చలం వెంట ఆయన సాహిత్యఖ్యాతి వచ్చింది, అందుచేత ఆయన పరిణామం విమర్శకులకు చర్చనీయాంశమైంది. నాగమ్మ వెంట ఏ ఖ్యాతీ రాలేదు, అందుచేత ఆమె పరిణామాన్ని ఎవరూ పరిణామంగా గుర్తించలేదు.

ఒక స్త్రీ తన గాయాన్ని మాన్పుకోగలగడం ఆ గాయం చేసినవారికి క్షమాపత్రం కాదు. నాగమ్మ సాధనను కీర్తించే వ్యాఖ్యానం, అటువంటి వసతి, చదువు, అన్నగారి అండ దొరకని వేలాది బాలవితంతువులను మరిపిస్తే, అది విమర్శ స్థాయిలో జరిగే దాటవేత అవుతుంది.

7. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి. సూరి నాగమ్మ జీవితంలో స్వప్నదర్శనం దుఃఖాన్ని వెంటనే తీర్చలేదు, అన్వేషణకు బీజం వేసింది. దానికీ సమాధానానికీ మధ్య గడిచిన దీర్ఘకాలం చదువుకు, పద్యరచనకు నెలవైంది. రమణాశ్రమం ఆమెకు గుర్తింపును, దినచర్యను ఇచ్చింది. అన్నకు రాసిన లేఖ వినేవారిని, తేదీని, చూసే పాత్రను ఇచ్చింది. 1950 నాటి వియోగాన్ని ఆమె భాషతో ఎదుర్కొన్న తీరు ఈ సమన్వయం నిజమైనదని రుజువు చేస్తుంది.

తెలుగు లేఖాసాహిత్య చరిత్రలో 'శారద లేఖల' పక్కన 'శ్రీ రమణాశ్రమ లేఖల'కు స్థానం కల్పించవలసి ఉంది. ఆ లేఖల్లో మహర్షి కోసం వెతికే పాఠకుడు మహర్షినే చూస్తాడు. వాటిని రాసిన చేతిని కూడా గమనించినప్పుడు, ఇరవయ్యో శతాబ్దపు తొలి పాదంలో మౌనంలోకి నెట్టివేతకు గురైన ఒక ఆంధ్ర బాలిక కంఠం వినిపిస్తుంది. వితంతు స్త్రీల ఇతర లేఖలు, దినచర్యలు, ముద్రణకు నోచుకోని భక్తి పద్యాలు ఈ దృష్టితో పరిశోధనకు రావలసిన అవసరం ఎంతైనా ఉంది.